ఫోటో కింద పేరు



మీ ఇంట్లో గోడ మీద ఫోటో ఉందా? ఉండే ఉంటుంది. పెళ్లి ఫోటో ఉంటుంది. పోయిన అత్తగారి ఫోటోకు దండ వేసి ఉంటుంది. పిల్లవాడి మొదటి పుట్టినరోజు ఫోటో ఉంటుంది. ఆ ఫోటోల్లో ఎవరున్నారో మీకు తెలుసు. మరి ఆ ఫోటోలు తీసింది ఎవరు?

"ఫోటో అతను" అంటారు. అతను అనే అంటారు. "ఫోటో ఆమె" అన్న మాట ఊళ్లలో వినపడదు. నాట్లు వేసేది ఆడవాళ్లు. బీడీలు చుట్టేది ఆడవాళ్లు. మిషను కుట్టేవాళ్లు ఉన్నారు. టీచరమ్మలు, నర్సమ్మలు, బస్సులో కండక్టరమ్మలు కూడా ఉన్నారు. ఫోటోలు తీసి బతికే ఆడమనిషి మాత్రం అరుదు. ఎందుకని? కెమెరా బరువనా? రెండు బిందెల నీళ్లు మోసే మనిషికి కెమెరా ఒక బరువా!

ఇవాళ్టి మాట ఆ పని గురించే. ఫోటోలు తీసి బతకడం ఎలా మొదలవుతుంది? ఎలా నిలబడుతుంది? ఇది తెలియాలంటే ఒక మనిషి కథ చెప్పుకోవాలి. ఆమె పేరు హోమై వ్యారవాలా. పలకడం కొంచెం కష్టమే. కూడబలుక్కుని చదవండి. హో-మై. వ్యా-ర-వా-లా. రెండుసార్లు చదివితే నోటికి వస్తుంది. మన దేశంలో పత్రికలకు ఫోటోలు తీసిన మొదటి మహిళగా ఆమెను చెప్పుకుంటారు.

హోమై 1913లో పుట్టింది. ఊరు గుజరాత్‌లోని నవసారి. పార్సీల కుటుంబం. తండ్రి నాటకాల కంపెనీలో వేషాలు వేసేవాడు. నాటకాల వాళ్ల సంసారం ఎలా ఉంటుందో తెలిసిందే కదా. ఈ ఏడు ఈ ఊరు, పై ఏడు ఇంకో ఊరు. డబ్బున్న ఇల్లు కాదు. తర్వాత బొంబాయి చేరారు. అక్కడ బడిలో ఆమె తరగతిలో మెట్రిక్ పూర్తి చేసిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

పదమూడేళ్లప్పుడు మానెక్‌షా అనే కుర్రవాడు పరిచయమయ్యాడు. అతనికి ఫోటోలంటే పిచ్చి. కెమెరా ఎలా పట్టాలో, వెలుతురు ఎటునుంచి పడాలో, ఫోటో ఎలా కడగాలో అతనే ఆమెకు నేర్పాడు. ఆమె బొంబాయిలో కాలేజీ చదువు చదివింది. జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో బొమ్మలు గీయడం కూడా నేర్చుకుంది. 1941లో వాళ్లిద్దరికీ పెళ్లయింది.

మొదటి సంపాదన ఎలా వచ్చిందంటే, ఆడవాళ్ల క్లబ్బు ఒకటి పిక్నిక్కుకు వెళ్లింది. మన కార్తీక వనభోజనాల వంటిదే అనుకోండి. ఆ ఆడవాళ్లను హోమై ఫోటోలు తీసింది. అవి 'బాంబే క్రానికల్' అనే పత్రికలో అచ్చయ్యాయి. ఒక్కో ఫోటోకు ఒక్క రూపాయి ఇచ్చారు. ఇది 1938 నాటి సంగతి.

ఇక్కడ కాస్త ఆగండి. ఆమె మొదటి ఫోటోలు రాజులవి కావు. మంత్రులవి కావు. దగ్గర్లో ఉన్న ఆడవాళ్లు కూర్చుని తింటూ, నవ్వుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉన్న ఫోటోలు. అక్కడికి ఒక మగవాడు కెమెరా పట్టుకుని వెళితే ఏమవుతుంది? కొంగులు సర్దుకుంటారు. నవ్వు ఆపేస్తారు. బిగుసుకుని నిలబడతారు. తమలో ఒకతె తీస్తే అలా కాదు. ఆ రూపాయి వెనక ఉన్న కిటుకు అదే.

ఆ తర్వాత పని పెరిగింది. ఇలస్ట్రేటెడ్ వీక్లీ అనే పెద్ద వారపత్రికలో ఆమె ఫోటోలు వచ్చాయి. అయితే ఒక చిక్కు ఉంది. పత్రికల్లో ఫోటో కింద తీసినవారి పేరు వేస్తారు. మొదటి రోజుల్లో హోమై తీసిన ఫోటోల కింద ఆమె పేరు లేదు. భర్త పేరు ఉంది! ఆమె కొత్త మనిషి. పైగా ఆడమనిషి. ఆ పేరు వేస్తే ఆ ఫోటోకు విలువ ఇవ్వరు అనుకునే కాలం అది.

భర్త చెడ్డవాడా? కాదు. పని నేర్పింది ఆయనే. ఆమెను గడప దాటవద్దు అనలేదు. అయినా కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది అయింది. ఈ ముక్క మీకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పొలంలో పని మీరు చేస్తారు. పాసు పుస్తకంలో పేరు ఎవరిది? గేదెను మేపేది మీరు. పాల డబ్బుకు సంతకం పెట్టేది ఎవరు? వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. పలక మీద ముప్పైసార్లు, నలభైసార్లు దిద్దిన పేరు అది. ఆ పేరు అక్కరకు రావాల్సింది ఇలాంటి చోటే.

హోమై గారు పోట్లాడలేదు. పని మానలేదు. ఫోటోలు తీస్తూ పోయారు. కొన్నాళ్లకు ఆమె పేరు అందరికీ తెలిసింది. అప్పుడు ఫోటో కింద ఆమె పేరే వచ్చింది.

1942లో ఢిల్లీకి వెళ్లారు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఇంగ్లీషు ప్రభుత్వపు సమాచార శాఖలో ఫోటోలు తీసే ఉద్యోగం దొరికింది. నెలజీతం. బయటి పత్రికలకు కూడా తీసుకోవచ్చు అని ఒప్పుకున్నారు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. జీతం ఇంటి ఖర్చుకు నిలకడగా ఉంటుంది. బయటి పని వల్ల పేరు పెరుగుతుంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే అది పోయిన రోజు రెండు చేతులూ ఖాళీ.

ఢిల్లీ వీధుల్లో చీర కట్టుకుని, కెమెరా తగిలించుకుని, సైకిలు తొక్కుకుంటూ వెళ్లేవారు. అప్పటి కెమెరాలు ఇప్పటివాటిలా అరచేతిలో ఇమిడేవి కావు. పెద్ద పెట్టెలు. చీకట్లో తీయాలంటే మెరుపు బల్బు పెట్టాలి. ఒక్క బల్బు ఒక్క ఫోటోకే. వెలిగిందంటే కాలిపోయినట్టే. కాలిన బల్బు తీసి మళ్లీ కొత్తది పెట్టాలి. ఫోటో బాగా వచ్చిందో లేదో అప్పటికప్పుడు చూసుకోవడానికి లేదు. చీకటి గదిలో మందు నీళ్లలో కడిగితేనే తెలుస్తుంది. అందుకని బటన్ నొక్కే ముందు బాగా ఆలోచించేవారు. ఇప్పుడు ఫోన్‌లో వంద తీసి తొంభై తొమ్మిది తుడిచేస్తున్నారు. ఆ వందలో ఒక్కటైనా బాగుంటుందా అంటే చెప్పలేం.

ఆమెను చూసి జనం ఏమనుకున్నారు? ఎవరో సరదాకి కెమెరా పట్టుకుని తిరుగుతోంది అనుకున్నారు. గొప్పకు పోతోంది అనుకున్నారు. లెక్కలోకే తీసుకోలేదు. ఆమె తర్వాత దీని గురించి చెప్పారు. అదే తనకు మేలైందట! ఎవరూ ఆపలేదు కాబట్టి ఎవరినీ వెళ్లనివ్వని చోట్లకు కూడా వెళ్లగలిగారు. ఫోటోలు పత్రికల్లో వచ్చాకే, ఈమె నిజంగానే పని చేస్తోందని జనానికి తెలిసింది.

ఏమేం తీశారు? 1947 జూన్‌లో దేశాన్ని రెండు ముక్కలు చేసే విషయం మీద కాంగ్రెసు పెద్దలు చేతులెత్తి ఓటు వేశారు. ఆ ఎత్తిన చేతులు ఆమె ఫోటోలో ఉన్నాయి. ఆ ఆగస్టులో స్వతంత్రం వచ్చినప్పుడు ఢిల్లీలో జరిగిన పండగ ఉంది. 1948 జనవరి 30 సాయంత్రం గాంధీ గారి ప్రార్థన సభకు వెళ్లాలనుకుని ఆగిపోయారు. ఆ సాయంత్రమే గాంధీ గారిని కాల్చి చంపారు. వెళ్లలేకపోయాను అన్న బాధ ఆమెకు చివరిదాకా ఉంది. గాంధీ గారి అంత్యక్రియల ఫోటోలు మాత్రం తీశారు. 1956లో దలైలామా గారు టిబెట్ నుంచి మంచు కొండలు దాటి సిక్కింలోకి వచ్చినప్పుడు ఆమె అంత దూరమూ కెమెరాతో వెళ్లారు.

ఆమెకు బాగా ఇష్టమైన మనిషి నెహ్రూ గారు. ఆయన పావురాన్ని ఎగరేస్తున్న ఫోటో ఆమె తీసిందే. విమానాల స్టేషనులో ఒక బోర్డు ఉంది. "ఇక్కడ ఫోటోలు తీయరాదు" అని. ఆ బోర్డు పక్కనే నెహ్రూ గారు నిలబడి ఉన్నారు. హోమై గారు ఊరుకుంటారా? బోర్డుతో సహా ఆయన్ని ఫోటో తీశారు. 1964లో ఆయన పోయినప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదట. తోటి ఫోటోగ్రాఫర్లు చూడకుండా మొహం తిప్పుకుని ఏడ్చారట. ఆ రోజు కూడా వదలకుండా ఫోటోలు తీశారు.

ఆమెకు ఒక ముద్దుపేరు కూడా ఉంది. అది వింటే నవ్వొస్తుంది. డాల్డా 13! అవును, మీకు తెలిసిన వంటనెయ్యి డాల్డాయే. ఆమె పుట్టింది 1913లో. భర్తను మొదట చూసింది 13 ఏళ్లప్పుడు. కారు కొంటే దాని నంబరు డి.ఎల్.డి. 13 వచ్చింది. దాంతో తనకు తానే ఆ పేరు పెట్టుకున్నారు. పదమూడు మంచి అంకె కాదని కొందరు భయపడతారు. ఆమెకు అదే కలిసివచ్చింది.

1969లో భర్త పోయారు. 1970లో ఆమె పని మానేశారు. కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్ల తీరు ఆమెకు నచ్చలేదు. తోసుకోవడం, మర్యాద లేకపోవడం ఆమెకు పడలేదు. చివరికి గుజరాత్‌లోని వడోదరలో ఉండిపోయారు. మధ్యలో చాలా నెగిటివ్‌లు పారేశారు కూడా. నెగిటివ్ అంటే ఫోటోకు విత్తనం వంటిది. అది పోతే మళ్లీ ఫోటో పుట్టదు. అంత పని చేసిన మనిషి తన పనిని తానే పారేసుకోవడం బాధ కలిగించే మాటే. మిగిలినవాటితో 2006లో ఆమె మీద పెద్ద పుస్తకం వచ్చింది. 2011లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. 2012 జనవరిలో, 98 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

"ఆమె కాలేజీ చదివింది, ఆమె మాట వేరు" అని ఎవరైనా అనవచ్చు. సరే. అయితే జహీరాబాదు పక్కన పస్తాపూర్ సంగతి వినండి. అది తెలంగాణ పల్లె. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దాని సంఘాల్లో ఉన్నవాళ్లు ఎక్కువమంది దళిత స్త్రీలు. కూలి పని, చిన్న సేద్యం. 1990ల చివర్లో వాళ్లలో కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నారు. అందులో చదువు రానివాళ్లు కూడా ఉన్నారు. తమ విత్తనాల గురించి, తమ పంటల గురించి సినిమాలు తీశారు. అవి దేశదేశాల్లో చూశారు.

వాళ్లు కెమెరా పాఠాన్ని తమ మాటల్లోకి మార్చుకున్నారు. కెమెరాను కింద పెట్టి మనిషిని పైకి చూస్తూ తీస్తే మనిషి పెద్దగా కనిపిస్తాడు. పటేలు కుర్చీలో కూర్చుంటాడు, కూలి మనిషి కింద కూర్చుని ఆయన్ని తలెత్తి చూస్తుంది. అది కూలిమనిషి పటేలును చూసే చూపు. పై నుంచి కిందికి చూస్తూ తీస్తే మనిషి చిన్నగా, దీనంగా కనిపిస్తాడు. అది పటేలు కూలిమనిషిని చూసే చూపు. మరి కళ్లకు కళ్లు సమానంగా పెట్టి తీస్తే? సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా. అది సంఘం షాట్! ఇంత బాగా ఏ పుస్తకం చెబుతుంది?

ఇది ఫోటోకు కూడా పనికొచ్చే పాఠం. చంటిబిడ్డను తీయాలంటే నిలబడి తీయకండి. నేల మీద కూర్చోండి. బిడ్డ కళ్లూ మీ కళ్లూ ఒక ఎత్తులో ఉండాలి. ఇంకో మాట వెలుతురు గురించి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెడితే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. మనిషిని అరుగు మీదకో, గుమ్మం లోపలికో తీసుకురండి. మొహం బయటి వెలుతురు వైపు తిప్పండి. నీడలో ఉంటుంది కాబట్టి కళ్లు చికిలించరు. వెలుతురు మెత్తగా పడుతుంది. ఖర్చు లేని స్టూడియో అదే. మోచేతులు పక్కలకు ఆనించి పట్టుకుంటే కెమెరా కదలదు. ఈ మాత్రం ఇంట్లో ఉన్న ఫోన్‌తో కూడా పది రోజుల్లో అలవాటవుతుంది. కెమెరా కొనడానికి తొందరపడి అప్పు చేయవద్దు.

పని వచ్చాక ఎవరు పిలుస్తారు? ఆడవాళ్లే మొదట పిలుస్తారు. సీమంతం, బారసాల, పిల్ల పెద్దమనిషైన ఫంక్షన్. ఇవన్నీ ఆడవాళ్ల మధ్య జరిగేవి. అక్కడికి ఆడమనిషి వస్తే వాళ్లకు హాయి. ఇది కొత్త సంగతి కూడా కాదు. రాజా దీన్‌దయాళ్ అని నిజాం నవాబు దగ్గర పేరున్న ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1892లో ఆయన హైదరాబాదులో పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తు గోడలు. లోపల ఫోటోలు తీసేది ఒక ఇంగ్లీషు దొరసాని. నూట ముప్పై ఏళ్ల కిందటే ఆ అవసరం ఉందన్నమాట.

అయితే ఆ నమ్మకాన్ని కాపాడుకోవాలి. ఒక ఇంట్లో తీసిన ఆడపిల్లల ఫోటోలు ఇంకొకరికి చూపకూడదు. ఫోన్లో పంపకూడదు. పక్కింటావిడ అడిగినా సరే, ఆ పిల్ల తల్లిని అడగకుండా ఇవ్వకూడదు. ఒక్కసారి మాట పోతే ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవరు.

ఇక డబ్బు మాట. చాలామంది ఆడవాళ్లు ఇక్కడే వెనకాడతారు. "మనవాళ్లే కదా, ఎంతో కొంత ఇవ్వండి" అంటారు. అలా అంటే కొంతే వస్తుంది. ఎంతో రాదు. ముందే చెప్పాలి. సగం అడ్వాన్సు తీసుకోవాలి. ఒక బారసాలకు 2,000 రూపాయలకు ఒప్పుకున్నారు అనుకోండి. 60 ఫోటోలు కడిగించడానికి ఒక్కోదానికి 12 చొప్పున 720 అయింది. ఆల్బం 350. రానుపోను ఆటో 150. మొత్తం ఖర్చు 1,220. చేతికి మిగిలేది 780. అదే 1,500కి ఒప్పుకుంటే మిగిలేది 280. రోజంతా నిలబడిన దానికి 280 చాలునా? ఈ లెక్క పనికి ఒప్పుకోకముందే నోటుపుస్తకంలో వేసుకోవాలి. పని అయిపోయాక వేసుకుంటే ఏడుపే మిగులుతుంది.

రాత్రి పెళ్లిళ్ల మాట కూడా ఉంది. ముహూర్తం ఏ తెల్లవారుజామునో ఉంటుంది. ఒక్కరే వెళ్లి ఒక్కరే రావడం కష్టం. ఇద్దరు కలిసి పని చేస్తే నయం. ఒకరు ఫోటోలు, ఒకరు వీడియో. తీసుకువెళ్లడం, దింపడం పెళ్లివారిదే అని ముందే ఒప్పించాలి. ఇంట్లోవాళ్లు గొడవ పడేది కూడా ఎక్కువగా ఈ రాత్రి ప్రయాణాల గురించే. పగటి ఫంక్షన్లతో మొదలుపెట్టి నాలుగు రూపాయలు ఇంటికి వచ్చాక ఆ గొడవ కాస్త తగ్గుతుంది.

నేర్చుకోవాలంటే దారులున్నాయి. దాదాపు ప్రతి జిల్లాలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థ ఉంటుంది. శిక్షణ, తిండి, వసతి ఉచితం. ఫోటోలు, వీడియో తీయడం కూడా వాళ్ల శిక్షణల్లో ఒకటి. ప్రతి చోటా ఎప్పుడూ జరగదు. మీ పొదుపు సంఘం లీడరుతో కలిసి వెళ్లి ఎప్పుడు పెడతారో అడగండి. కెమెరా కొనే సమయం వస్తే సంఘం అప్పు ఉంది. 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు అనే రకం ఉంది. దానిలో 50,000 రూపాయల వరకు బ్యాంకు అప్పు ఇస్తుంది. అప్పు కాగితం మీద ఎవరి పేరు ఉంటే బాకీ వాళ్లదే. కాబట్టి కెమెరా బిల్లు మీద కూడా ఆ పేరే ఉండేలా చూసుకోండి. అప్పు మీ పేరున, కెమెరా ఇంకొకరి పేరున ఉండకూడదు.

ఆల్బం ఇచ్చేటప్పుడు వెనక అట్ట మీద ఫోటోగ్రాఫరు ముద్ర వేస్తారు. రబ్బరు స్టాంపు చేయించుకుంటే చాలు, పెద్ద ఖర్చు కాదు. స్టాంపు చేసేవాడు "స్టూడియో పేరు ఏంటమ్మా? మీ ఆయన పేరా, బాబు పేరా?" అని అడుగుతాడు. అప్పుడు మీ పేరు చెప్పండి. అక్షరాలు సరిగా చెక్కాడో లేదో మీరే చదివి చూసుకోండి. కింద ఫోన్ నంబరు కాస్త పెద్ద అంకెల్లో వేయమనండి. తర్వాతి ఫంక్షను వాళ్లు వెతికేది ఆ నంబరు కోసమే.